మిర్చి తొడిమల బైబిలు

ఆమె బైబిలును వట్టి చేతులతో ముట్టుకునేది కాదు. ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టి, రెండు చేతుల మీద పెట్టుకుని, పురిటి బిడ్డను తెచ్చినట్టు తెచ్చేది. మా వరండాలో కూర్చున్న నా ఒళ్ళో దాన్ని దించి, రెండడుగులు వెనక్కి జరిగి గచ్చు మీద కూర్చునేది.

"పట్టుకో అక్కా, దేవుడు ఏమనడు" అన్నాను మొదట్లో, అదేదో భయం అనుకుని.

"దేవునికి భయపడి కాదు అమ్మగారు, మీ కోసమే. ఇవి మిర్చి చేతులు. నేను పట్టిన కాయితం మీరు పట్టి కండ్లు నలుపుకున్నరంటె దినమంత మండుతయ్" అని నవ్వింది.

పోయిన నెలలో ఒక పొద్దున ఆమె కూతురు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఫోన్ చేసింది. "అమ్మగారు, మా అవ్వ పోయింది. మానుకోటకే తీసుకపోతున్నం, కొడుకు పక్కన పెట్టుమన్నది" అని చెప్పి, కాసేపు ఏడ్చి, "బైబిలు మీకు ఇయ్యమన్నది" అంది.

మహబూబాబాద్‌ను అక్కడి వాళ్ళంతా మానుకోట అనే అంటారు. మా ఆయన ఆ ఊళ్ళో తొమ్మిదేళ్ళు సంఘ కాపరిగా ఉన్నారు. ఇప్పుడు భూపాలపల్లిలో ఉన్నాం. ఆయనకు జ్వరంగా ఉండడంతో నేనొక్కదాన్నే బయలుదేరాను. బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక ఆమె ముఖం గుర్తుచేసుకుందామంటే మొదట చేతులే గుర్తొచ్చాయి. వేళ్ళ కొసలు ఎర్రగా, గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రగా. తర్వాత కళ్ళు. అవీ ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. మిర్చి మండిలో తొడిమలు తీసే ఆడవాళ్ళందరి కళ్ళూ అంతే. వాళ్ళలో ఎవరి కంట నీళ్ళు కారినా ఎందుకని ఎవరూ అడగరు.

ఆమెకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. బస్తా మీద నంబరు, కాంటా మీద కిలోలు, రైలు ప్లాట్‌ఫారం, అన్నీ చదివేది. బైబిల్లో కూడా అధ్యాయం మొదట్లో ఉండే పెద్ద అంకె ఆమెకు తెలుసు. "నిన్న పన్నెండు అయింది, ఇయ్యాల పదమూడు" అని ఆమే చెప్పేది. రోజుకొక అధ్యాయం. ఆదికాండం మొదటి మాట నుంచి మొదలుపెట్టి వరసగా పోవాలి. వెనక్కి పోవద్దు, ముందుకు దుంకొద్దు. పొద్దున ఆరింటికి వచ్చి, విని, మండికి పోయేది.

చదవడం అయిపోగానే కొంగు ముడి విప్పి ఒక మిర్చి తొడిమ తీసేది. ముందురోజు పనిలో తీసినదే. దాన్ని గోటి కొసలతో పట్టుకుని, వంగి, చదివిన అధ్యాయం మొదట్లో పుటల సందున పెట్టేది. "గుర్తుకు దారం పెట్టుకోరాదా అక్కా" అంటే వినలేదు.

"దారం కొనుక్కస్తె అది దుకాణపోనిది అమ్మగారు. గిది నా పని. దినమంత నేను చేసేది గిదే గదా. దేవునికి తెల్వాలె, నిన్న గూడ పనికి పోయిన్నని."

అట్లా ఆ బైబిలు రోజురోజుకూ ఉబ్బిపోయింది. అట్ట మూతపడక, చివరికి సంచులు కుట్టే పురికొసతో కట్టి తెచ్చేది.

వింటూ ఊరికే ఉండేది కాదు. లోపలి మనుషులతో మాట్లాడేది. సమ్సోను, తనను శత్రువులకు పట్టించబోయే ఆడమనిషి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయిన చోట, "లెవ్వురా! లేచి ఉరుకు!" అని గట్టిగా అరిస్తే లోపల స్నానం చేస్తున్న మా ఆయన ఏమైందోనని తడి తలతో బయటికి వచ్చారు. వంశావళులు వచ్చినప్పుడు, "ఇవి ఒట్టి పేర్లే అక్కా, నోరు తిరగని పేర్లు, దాటేద్దామా" అని నేనే అన్నాను.

"అయ్యో, ఎందుకు? ఎన్నడు చచ్చిపోయిన్రో ఏమో పాపం. ఎవరో ఒకరు పేరు పెట్టి పిలవాలె గదా అమ్మగారు. పిలువుండ్రి."

నేను ఆ పేర్లన్నీ ఒక్కొక్కటి చదివాను. ఆమె ఒక్కో పేరుకూ తల ఊపింది.

కూతురు ఒకసారి సెల్‌ఫోన్‌లో బైబిలు వినిపించే ఏర్పాటు చేసి ఇచ్చింది. రెండు రోజులు విని వాపసు ఇచ్చేసింది. "అది ఆగుమంటె ఆగది. నా మొఖం సూడది. మీరైతె, నాకు తెల్వకపోతె నా మొఖం సూసి ఆగుతరు" అంది. నా గురించి ఎవరైనా చెప్పిన మంచి మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదే. అది గుర్తొస్తే తలెత్తుకోలేను.

ఆమె కొడుకు సంగతి చెప్పాలి.

మా సంఘంలో ఆదివారం పాటలయ్యాక ప్రార్థన విన్నపాలు అడుగుతాం. ఎవరి కష్టం వాళ్ళు లేచి నిలబడి చెప్పుకుంటారు. మైకు చేతిలోంచి చేతిలోకి పోతుంది. నేను అవన్నీ పుస్తకంలో రాసుకుంటాను. ఆ ఆదివారం ఆమె లేచి, మైకు పట్టుకుని, ఎప్పటిలాగే ఉన్నదున్నట్టు చెప్పింది. "నా కొడుకు తాగుతున్నడు. పొద్దుగాల్నే మొదలు పెడుతున్నడు. బందు పెట్టాలెనని అందరు ప్రార్థన చేయుండ్రి."

ఆ రోజు వెనక బెంచీలో నర్మెట్ట నుంచి వచ్చిన కుటుంబం కూర్చుని ఉంది. వాళ్ళ పిల్లను ఈ అబ్బాయికి ఇద్దామని మాటలు నడుస్తున్నాయి. అబ్బాయి ఎట్లాంటివాడో, సంఘంలో ఎట్లా ఉంటాడో చూద్దామని చెప్పకుండా వచ్చారు. ముందు వరసలో ఉన్న ఆమె వాళ్ళను చూడలేదు. కొడుకు గుర్తుపట్టి వాళ్ళ పక్కనే కూర్చున్నాడు. తల్లి "ఆమెన్" అని కూర్చునే లోపల అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. వాళ్ళు ఆరాధన అయ్యేదాకా మర్యాదగా కూర్చుని, భోజనం వద్దని బస్సెక్కారు.

అతను ఆ వారంలోనే భూపాలపల్లి పోయి టిప్పర్ డ్రైవర్‌గా కుదిరాడు. పోయిన కొత్తలో ఒకసారి ఫోన్ ఎత్తాడట. ఆమే చెప్పింది.

"దేవునికి చెప్పుకోరాదా, మైకుల ఎందుకు చెప్పినవే అన్నడు అమ్మగారు. నిజమే గదా. దేవునికేమన్న చెవుడా?"

తర్వాత రెండేళ్ళు తల్లితో మాట్లాడలేదు. ఆమె కూడా ఆ తర్వాత ఎప్పుడూ సంఘంలో నోరు తెరిచి ఒక్క విన్నపం చెప్పలేదు. మైకు తన దాకా వస్తే పక్కామెకు ఇచ్చేసేది.

రెండేళ్ళ తర్వాత మా చదువు రెండో సమూయేలు గ్రంథంలోకి వచ్చింది. దావీదు రాజు కొడుకు అబ్షాలోము తండ్రికి దూరమైన సంగతి. కొడుకు అదే ఊళ్ళో ఉండి రెండు సంవత్సరాలు తండ్రి ముఖం చూడలేదని చదివినప్పుడు ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది.

"రెండేండ్లా?"

"రెండేండ్లే."

"నాకు గూడ గంతే" అని, కొంగు సర్దుకుని, "ఇగ వస్తడు లే. సదువుండ్రి" అంది.

ఆ అధ్యాయం చివర ఇద్దరూ కలిశారు, కానీ తర్వాతి దాంట్లో కొడుకు తండ్రి మీదే తిరగబడ్డాడు. అక్కడి నుంచి ఆమెకు ఆ కథ మీద తప్ప ఇంక దేని మీదా ధ్యాస లేదు. మండికి పోతూ గేటు దగ్గర ఆగి, "రేపన్న మళ్ల కలుస్తరంటరా తండ్రి కొడుకు?" అని అడిగేది. నాకు ముందు సంగతి తెలుసు. నవ్వి ఊరుకునేదాన్ని.

పదిహేడో అధ్యాయం చదివిన రోజు, తొడిమ పెట్టి ఆమె ఇంకా లేవలేదు. ఫోన్ మోగింది. కొడుకుతో పనిచేసే అబ్బాయి. నాకు ఇవతలి మాటలే వినపడ్డాయి.

"బండి పడ్డదా? ... పిలగాడు మంచిగున్నడా? ... దవాఖాన ఎందుకు బిడ్డా, పిలగాడు మంచిగున్నడా? గది చెప్పు నాకు."

ఆ మాటే ఎన్నిసార్లు అడిగిందో.

కొడుకు సమాధి రోజున వాడకట్టంతా వచ్చింది. మా సంఘం చిన్నది, చుట్టూ ఉన్నవాళ్ళు మావాళ్ళు కారు. విశ్వాసులు చావును ఎట్లా తీసుకుంటారో చూస్తారు కదా అనే ఆలోచన నాకు ఎప్పుడూ ఉండేది. పెట్టె దించేటప్పుడు ఆమె గొంతులో ఏదో మొదలైంది. నేను ఆమె భుజాలు పట్టుకుని చెవిలో అన్నాను. "అక్కా, మనం మళ్ళీ లేస్తమన్న నిరీక్షణ లేనోళ్ళం కాదు. ఏడ్వకు. అందరు చూస్తున్నరు. సాక్ష్యం పోతది."

ఆమె నా వైపు తిరిగింది. తెలియని చోట నేను ఆగుతానేమోనని చూసే ఆ చూపే. నేను ఆగలేదు. ఆమె నోరు మూసుకుంది. ఆ గొంతులోది అట్లాగే మింగేసింది. ఆ ఆదివారం మా ఆయన ప్రసంగంలో ఆమెను లేపి నిలబెట్టి, విశ్వాసమంటే ఇదీ అని చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె తల వంచుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున ఆరింటికి బైబిలుతో వచ్చింది.

పద్దెనిమిదో అధ్యాయం. అడవిలో ఆ కొడుకు చనిపోతాడు. వార్త తెచ్చిన ప్రతి మనిషినీ ఆ తండ్రి ఒకటే అడుగుతాడు, చిన్నవాడు క్షేమమేనా అని. తర్వాత గుమ్మం పైనున్న గదికి ఎక్కిపోతూ, కొడుకును పిలుచుకుంటూ, నీ బదులు నేను పోయినా బాగుండేదని ఏడుస్తాడు. నేను ఆ పుట చూశాను. ఎదురుగా కూర్చున్న ఆమెను చూశాను. రెండు పుటలు కలిపి తిప్పేశాను. పంతొమ్మిదో అధ్యాయం మొదట్లో కూడా ఆ ఏడుపే ఉంటుందని తెలుసు కనుక, ఆ వచనాలు కూడా దాటేసి, రాజు నది దాటి ఇంటికి తిరిగి వచ్చే చోట మొదలుపెట్టాను. బాగా చదివాను కూడా, గొంతు వణకకుండా.

చదవడం అయ్యాక ఆమె తొడిమ తీసింది. వంగి అంకె చూసింది.

"అమ్మగారు, పద్దెనిమిది?"

"అది ఒట్టి యుద్ధం అక్కా. చంపుకునుడు. మనకెందుకని."

"యుద్ధమా?" అంది. యెహోషువ యుద్ధాలు, న్యాయాధిపతుల యుద్ధాలు, ఒక్కటి విడవకుండా చదివి వినిపించిన మనిషిని నేను. "మరి కొడుకేమైండు?"

"ముందుకు వస్తది తియ్యి."

"సరే అమ్మగారు."

పంతొమ్మిదిలో తొడిమ పెట్టి, బైబిలు చుట్టుకుని పోయింది. మరునాడు ఇరవై. ఆ తర్వాత ఇరవై ఒకటి. మళ్ళీ ఎప్పుడూ ఆ కొడుకు సంగతి అడగలేదు. ఆమె మరిచిపోయిందనుకున్నాను. నేను చేసింది దయ అనుకున్నాను. యెషయా గ్రంథం నడుమ ఉండగా మమ్మల్ని భూపాలపల్లికి మార్చారు. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. పిల్లలు మంచిగున్నరా, అయ్యగారి షుగర్ ఎట్లున్నది, గంతే. ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని. ప్రతిసారీ ఈసారికి వద్దులే అనుకునేదాన్ని. అతని బండి పడ్డ మలుపు మా ఇంటికి దగ్గరే. కూరగాయలకు పోయినప్పుడల్లా దాని మీదుగానే పోతాను.

ఆ రోజు మానుకోట చేరేసరికి ఎండ ఎక్కింది. వాకిట్లో వేసిన టెంటు కింద ఆమెను పడుకోబెట్టారు. చేతులు తెల్లబట్ట మీద ఉన్నాయి. ఎన్నో రోజులుగా పనికి పోకపోయినా గోళ్ళ సందుల్లో ఎరుపు పోలేదు.

టెంటు బయట ఒక పెద్దాయన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. నుదుట కుంకుమ బొట్టు, చేతిలో మడిచిన గొడుగు. మండిలో రైతుల మిర్చి అమ్మిపెట్టే ఆడ్తి దుకాణం గుమస్తా అని కూతురు చెప్పింది. ఆయనే నా దగ్గరికి వచ్చాడు.

"నమస్తే అమ్మా. పాస్టరమ్మ మీరేనా? మీరు పోయినంక మీ పుస్తకం ఆఖరు దాక సదివింది నేనే."

"మీరా?" అన్నాను, ఆయన బొట్టు వైపు చూస్తూ.

"చాయ్ తాగే టైముల సదువుమనేది. అమ్మా, నేను హనుమాన్ భక్తుణ్ణి, నన్నెందుకు బద్నాం చేస్తవ్ అంటె, మీ హనుమంతుడు గూడ ఏమనడు, నువ్వు పంతులు లెక్క మంచిగ సదువుతవ్ అనేది." ఆయన కొంచెం నవ్వి, గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "గని, మొదలు సదివింది మీరు ఇక్కడున్నప్పుడే. కొడుకు పోయిన కొత్తల. ఎన్నడు మండికి తేనిది ఆ దినం పుస్తకం పట్టుకొచ్చింది. సారు, గీ పద్దెనిమిది ఒక్కటి సదివి పెట్టు అన్నది. మీ పాస్టరమ్మ లేదా అన్న. ఉన్నది సారు, ఆమె మనసు మెత్తన, ఆమెతోని కాలేదు, నువ్వు సదువు అన్నది."

"చదివారా?"

"నాకేం తెలుసమ్మా అందుల ఏమున్నదో? మొదలుపెట్టిన. గా రాజు వచ్చినోన్నల్లా అడుగుతడు, పిలగాడు మంచిగున్నడా అని. గక్కడికి వచ్చేసరికి నాతోని కాలె. ఆపుదామంటె చెయ్యి పట్టుకుని ఆపనియ్యలె. ఆఖరుకు గా ముసలి రాజు కొడుకా కొడుకా అని ఏడ్చేది సదివితె..." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "రాజు గూడ ఏడ్చిండా సారు, దేవుని మనిషి గూడ ఏడ్చిండా, అందరు చూస్తుంటె ఏడ్చిండా అని అడిగింది. ఏడ్చిండమ్మా, గిండ్ల రాసున్నది అన్న. ఇగ అప్పుడు ఏడ్చింది."

"అక్కడ్నేనా? అందరి ముందట?"

"మండిల ఎవరు చూస్తరమ్మా? ఎవరన్న అడిగితె, మిర్చి పడ్డది అనేది. అటెంక చానా దినాలు గదే సదువుమన్నది. పాస్టరమ్మకు చెప్పకు సారు, బాధ పడ్తది అన్నది."

ఏడిచే హక్కు ఒక రాజుకు ఇచ్చిన వాక్యం, ఆమె దగ్గరికి వరసలో, సరిగ్గా రావలసిన రోజున వచ్చింది. దాన్ని రెండు పుటలు కలిపి తిప్పేసింది నేను. వాక్యం కంటే నా దయ ఎక్కువ అనుకున్నాను. ఆమె నా అబద్ధం పట్టుకుంది, నా పేరు చెడకుండా దాచింది, మరునాడు ఎప్పటిలాగే వచ్చి నా ముందు కూర్చుంది. ఎన్ని పొద్దులు అట్లా కూర్చుందో. నేను క్షమాపణ అడగకముందే క్షమించి, అడిగే అవకాశం మాత్రం నాకు మిగల్చకుండా పోయింది.

కూతురు బైబిలు తెచ్చి ఇచ్చింది. అదే పంచె ముక్క, అదే పురికొస. ముడి విప్పి రెండో సమూయేలు తీశాను. పదిహేడులో ఒక తొడిమ. పంతొమ్మిదిలో ఒకటి. పద్దెనిమిదిలో పుటల సందు కనిపించకుండా తొడిమలు. కాయితం అక్కడక్కడా తడిసి ఆరి ముడతలు పడింది. ఆ ముడతల్లో ఎర్రటి వేలిముద్రలు. ఎవరి కళ్ళు మండుతాయోనని ఎన్నడూ ముట్టుకోని పుస్తకాన్ని, ఆ ఒక్క చోట ఆమె వట్టి చేతులతో పట్టుకుంది.

సమాధుల దగ్గర, కొడుకు పక్కన తవ్విన గోతి ముందు నిలబడ్డాం. ఇప్పుడు ఆ సంఘాన్ని చూసే పాస్టర్ చిన్నవాడు, మంచివాడు. "అమ్మగారు, మీకు చానా దగ్గరి మనిషి గదా. పునరుత్థానం భాగం మీరు చదువుండ్రి" అన్నాడు.

ఆ నిరీక్షణ నాకుంది. తల్లీ కొడుకులు ఒక ఉదయాన ఆ పక్కపక్క మట్టిలోంచి లేచి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారని నమ్ముతున్నాను. కానీ ఆ భాగాన్ని అతన్నే చదవమన్నాను. నేను పద్దెనిమిదో అధ్యాయం తీశాను. తొడిమలు రాలిపోకుండా ఎడమ అరచేతిలో పట్టుకుని, మొదటి మాట నుంచి చదివాను. యుద్ధం చదివాను. అడవి చదివాను. పరుగెత్తుకొచ్చిన ఇద్దరు మనుషుల సంగతి చదివాను. రాజు అడిగిన ప్రశ్న దగ్గర ఆగి, అలవాటు కొద్దీ తలెత్తి ఆమె ముఖం కోసం చూశాను. గుమస్తా దూరంగా చేతులు కట్టుకుని నిలబడి, మెల్లగా తల ఊపుతున్నాడు. ఆ తండ్రి పైగదికి ఎక్కుతూ కొడుకును పిలిచిన పిలుపులన్నీ, ఒక్కటి విడవకుండా చదివాను.

పంతొమ్మిది మొదట్లో నేను మింగేసిన వచనాలు కూడా చదివాక చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. తొడిమలు పట్టుకున్న చెయ్యి. భగ్గుమని మండింది.

చిన్న పాస్టర్ గబగబా నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ నిలబడ్డ వాడకట్టు జనాన్ని ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"కండ్లల్ల మిర్చి పడ్డదా అమ్మగారు? నీళ్ళు తెమ్మంటరా?"

"లేదు నాయినా" అన్నాను. "ఏడుస్తున్న."